ఫారానికి పరస్థానం

రఘునాథన్‌కు కంపెనీ మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో జీతం ఎన్నడూ ఆలస్యం కాలేదు, కాంటీన్ సాంబారు పలచబడలేదు, స్టోర్సులో ఆయన కుర్చీకి ఎవరూ పోటీ రాలేదు. పెన్షన్ ఫండులో మార్పులు చేసుకోవడానికి మాత్రం బొంబాయి హెడ్డాఫీసు ఏడాదికి ఒక్కసారే అవకాశం ఇస్తుంది. ఆ ఒక్కసారినీ తీసుకెళ్ళి సరిగ్గా ఆడి నెలలో పెట్టారు.

ఆడి అంటే పుదుచ్చేరి వాళ్ళకు మన ఆషాఢం లాంటిది. అమ్మవారి గుళ్ళలో గంజి కాస్తారు, బట్టల కొట్లలో ధరలు తగ్గిస్తారు. అంతకు మించి ఎవరూ ఏదీ మొదలుపెట్టరు. పెళ్ళి మాట ఎత్తరు, కొత్త ఇల్లు చేరరు, బోరు వేయించరు. అందువల్ల మేట్టుపాళయంలోని ఆ పంపుల ఫ్యాక్టరీలో, ఎవరి పెన్షన్ డబ్బు ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెప్పుకోవచ్చని కంపెనీ అన్న రోజు నుంచి ఒక్కరంటే ఒక్కరు కూడా ఏ మార్పూ చేయలేదు. మా వాళ్ళకు ఎంత సంతృప్తి అనుకుని హెడ్డాఫీసు వాళ్ళు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా రాశారు.

రెండువేల ఏడులో పర్సనల్ డిపార్టుమెంటుకు ఆర్తి అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. నెల్లితోపు నుంచి స్కూటీ మీద వస్తుంది, మాట మెత్తన, పట్టు గట్టిది. జూలై మొదట్లో ఒక రోజు స్టోర్సు కిటికీ దగ్గర నిలబడి, బోల్టుల కోసం వచ్చిన వాళ్ళను పక్కకు తప్పించి మరీ చెప్పింది.

"సార్, మీరు మొదట్లో మీ పెన్షన్ దుడ్డు సగం గ్రోత్‌లో, సగం సెక్యూర్‌లో పెట్టినారు. సెక్యూర్ అంటే బాండ్లు, గ్రోత్ అంటే షేర్లు. అవి ఎగిసి ఎగిసి, ఇప్పుడు మీ నాలుగు రూపాయల్లో మూడు ఆడనే ఉండాయి."

"మంచిదే గదమ్మా?"

"ఇంకా ఇరవై ఏండ్లు సర్వీసు ఉంటే మంచిదే. వచ్చే మే నెలకు మీరు రిటైరు. అంతలోపల మార్కెట్టు పడిందంటే, అది లేచేదాకా కాచుకోను మీకు టైం యాడుంది? షేర్లలో ఎక్కువైంది తీసి సెక్యూర్‌లో వేసి, మళ్ళా సగం సగం చేయల్ల. దీన్నే రీబ్యాలెన్సింగ్ అంటారు. ఈ తూరి వదిలేస్తే మీకు ఇంకో తూరి లేదు సార్."

రఘునాథన్‌కు విషయం అర్థమైంది. అర్థమయ్యాక కాంటీన్ సాంబారు రుచి తెలియలేదు. ఆయనకూ సుగంధికీ పిల్లలు లేరు. మే తర్వాత ఇద్దరూ బతికినన్నాళ్ళూ ఆ డబ్బు మీద వచ్చే పెన్షనే ఆధారం. వాళ్ళకు పెద్ద కోరికలేమీ లేవు. ఆమెకు బీపీ మాత్రలు, ఆయనకు చక్కెర మాత్రలు, పొద్దున ఇద్దరికీ మంచి డికాక్షన్‌తో కాఫీ, చక్కెర లేకుండానే అయినా సరే. ఈ కొంచెమే ఇంకా చాలా ఏళ్ళు సాగాలి.

ఆ సాయంత్రం కోసపాళయంలోని ఇంటికి చేరేసరికి బావమరిది ముకుందన్ కూర్చుని ఉన్నాడు. పగలంతా మిషన్ వీధిలో ఒక షేర్ బ్రోకరు ఆఫీసులో టీవీ ముందు కూర్చోవడం అతని వృత్తి. లాభం వచ్చిన రోజు అక్కకు జిలేబీ తెస్తాడు, నష్టం వచ్చిన రోజు అక్క చేతి అన్నం తింటాడు. ఆ నెలంతా జిలేబీలే.

విషయం వినగానే ముకుందన్ నోట్లో జిలేబీ ఆగిపోయింది.

"బావా, నీకేమన్నా పిచ్చా? పాలిచ్చే ఆవును ఎవురన్నా తోలేస్తారా?"

"తోలేయడంలే ముకుందా. కొట్టంలోకి తోలుకుంటాండా."

"కొట్టంలో గడ్డి తింటుంది బావా, పాలు ఇయ్యదు. దీపావళికి చూడు, మార్కెట్టు ఆకాశంలో ఉంటాది. నువ్వు ఆ బాండ్లు పెట్టుకోని కిందనుంచి చెయ్యూపుతా ఉండు!"

సుగంధి వంటింటి గడపలో నిలబడి కాసేపు వింది. తమ్ముడంటే ప్రాణం. అయినా ఆమె అడిగింది ఒక్క మాటే.

"ఒరేయ్, పడిపోయిందే అనుకో. మళ్ళా లేచేదాకా మాకు నెలనెలా దుడ్డు ఎవురిస్తారు, నువ్విస్తావా?"

ముకుందన్ ఇంకో జిలేబీ తీసుకుని, దాని చుట్లను చాలా శ్రద్ధగా పరిశీలించాడు.

"సరే, మార్చల్సిందే" అని సుగంధి తేల్చేసింది. రఘునాథన్ గుండె మీద నుంచి ఒక బస్తా దిగినట్టయింది. వెంటనే రెండో బస్తా ఎక్కింది. "ఎప్పుడియ్యల్ల ఆ కాగితం?" అందామె.

"జూలై పదిహేడు నుంచి ఆగస్టు పది దాకా."

ఆమె గోడ మీది క్యాలెండరు కాగితాలు ఒకటొకటిగా ఎత్తి చూసింది. "అంతా ఆడే!"

రఘునాథన్‌ది తరతరాల సేద్యపు కుటుంబం. ఆ బలం మీద ఒక వాదం తీశాడు. "ఆడిలోనే గదా మన పెద్దోళ్ళు విత్తనాలు వేసింది? ఆడి వస్తే వెతికి మరీ విత్తమని అరవోళ్ళు కూడా అంటారు."

"విత్తేది వేరే. మీరు ఒకచోట ఉండేదాన్ని పెరికి ఇంకోచోట నాటేదానికి చూస్తాండారు. ఆడి గాలికి నాటిన నారు నిలబడతాదా?"

 ఆ రాత్రి సుగంధే అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గాల్లోనే ఆపింది. "పరస్థానం పెడదాం" అంది.

మంచిరోజు కాని రోజున ప్రయాణం తప్పనప్పుడు పెద్దవాళ్ళు చేసే ఉపాయం అది. ముందే ఒక మంచి ఘడియ చూసి, ప్రయాణపు సామాను ఏదో ఒకటి, సంచో పెట్టో, పొరుగింట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైనట్టు లెక్క. తర్వాత వీలైన రోజున మనిషి అక్కడి నుంచి దాన్ని తీసుకుని సాగిపోవచ్చు. నియమాలు రెండే. బయటికి పోయిన వస్తువు మళ్ళీ ఇల్లు చేరకూడదు. దాన్ని తీసుకున్న మనిషి మళ్ళీ సొంత గడప తొక్కకుండా అటే వెళ్ళిపోవాలి. సుగంధి నాన్న ఒకసారి తిరుపతి ప్రయాణానికి తన గొడుగును ఇలాగే పొరుగింట్లో పెట్టారు. ప్రయాణం వారం వెనక్కి పోయింది, వారమంతా వాన. ఆయన తడిసి ముద్దయి తిరిగారు గానీ గొడుగు అడగలేదు. అది ఆ వంశపు పట్టుదల.

ఆడికి ముందు నెలలో చివరి మంచిరోజున, ఆర్తిని బతిమాలి ముందుగా తెచ్చుకున్న ఫారాన్ని రఘునాథన్ నింపి సంతకం పెట్టాడు. సుగంధి నాలుగు మూలలా గంధం, కుంకుమ పెట్టి, తమలపాకులతో పళ్ళెంలో ఉంచి పక్కింటికి తీసుకుపోయింది. పక్కింట్లో ఉండేది రాసాత్తి. ఆమె భర్త ఏలుమలై కరెంటు ఆఫీసులో లైన్‌మన్.

"ఏందక్కా పళ్ళెం, ఎవురికి పెండ్లి?"

"పెండ్లి కాదే. మా ఆయన దుడ్డు ఊరికి పోతాంది. పరస్థానం."

"ఏ ఊరికి?"

"షేర్లలో నుంచి బాండ్లలోకి."

"ఆ ఊర్లు నేను చూడలే గానీ, పెట్టిపో అక్కా. నా ప్రాణం మాదిరి చూసుకుంటా."

రాసాత్తి మాట మీద నిలబడే మనిషి. ఇబ్బంది అక్కడే వచ్చింది. ఆడి పుట్టగానే కొత్తగా పెళ్ళయిన కూతుళ్ళను పుట్టింటికి తెచ్చుకోవాలి కదా, ఆమె తన కూతురిని తెచ్చుకోవడానికి కారైక్కాల్ వెళ్ళింది. రెండు రోజుల్లో వస్తానంది. అక్కడ వియ్యపురాలికి జ్వరం పట్టుకుంది. కోడలినీ, కోడలి తల్లినీ కదలనిస్తే తనకు గంజి కాచేదెవరని ఆ వియ్యపురాలు జ్వరాన్ని కొంచెం కొంచెంగా వాడుకోసాగింది. రోజులు వారాలయ్యాయి. రాసాత్తికి సెల్ ఫోను లేదు, వియ్యంకుల ఇంట్లోనూ ఫోను లేదు. ఫారం ఎక్కడ దాచిందో ఏలుమలైకి చెప్పలేదు.

ఏలుమలై ఊళ్ళో ఏ స్తంభం నుంచి ఏ తీగ ఎవరి ఇంటికి పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. సొంతింట్లో ఉప్పు ఎక్కడుందో తెలియదు. పాపం, రఘునాథన్‌తో కలిసి దేవుడి పటాల వెనక, పరుపు కింద, చీరల మడతల్లో అంతా వెతికాడు.

"అన్నా, ఆమె దాచిపెట్టిందంటే పోలీసు కుక్క వచ్చినా దొరకదు. నా జీతమే నాకు దొరకదు."

"ఇంకో ఫారం రాసిచ్చేస్తే పోతుంది గదా" అని రఘునాథన్ ఇంట్లో మెల్లగా అని చూశాడు.

"బయలుదేరిన ప్రయాణాన్ని నడిమిలో వదిలి ఆడిలో ఇంకోటి మొదలుపెడతారా? బతికినన్నాళ్ళూ తినే కూడండీ అది!" అంది సుగంధి. కోపంగా అని ఉంటే ఆయన ఎదురు చెప్పేవాడేమో. ఆమె భయంగా అంది.

ఫ్యాక్టరీలో ఆర్తి రోజూ కిటికీ దగ్గరకు వచ్చి, ఈ ఒక్క తూరే అన్నట్టు చూపుడు వేలు ఎత్తి వెళ్ళేది. ఒక రోజు కొత్త ఫారం తెచ్చి ఆయన జేబులోనే పెట్టింది. ఆ కాగితం నాలుగు రోజులు ఆయన గుండెల మీద అటూ ఇటూ తిరిగింది. ఇంట్లో చెప్పకుండా సంతకం పెట్టడం ఎంతసేపు? పెన్ను మూత తీశాడు కూడా. కానీ సాయంత్రం కాఫీ అందిస్తూ ఆమె "ఇవాళ ఏం జరిగింది" అని అడుగుతుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ప్రశ్నకు ఆయన ఉన్నదున్నట్టే చెబుతూ వచ్చాడు. ఇప్పుడు అబద్ధం నేర్చుకుందామంటే రిటైరయ్యే వయసు వచ్చేసింది. పెన్ను మూత పెట్టేశాడు.

అలా ఆగస్టు పది, శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మూడు లోపల ఆర్తి ఫారాలన్నీ చెన్నైలోని పెన్షన్ ఆఫీసుకు ఫ్యాక్సు చేసేస్తుంది. రఘునాథన్ పొద్దుటి పూటకు సెలవు చెప్పి, లుంగీ బనీనుతో వసారాలో కూర్చుని, వీధిలోకి వచ్చే ప్రతి ఆటోలోనూ రాసాత్తి కోసం చూస్తున్నాడు.

పది గంటలు దాటాక గోడ అవతల నుంచి ఏలుమలై కేక పెట్టాడు. "అన్నా! ఫోన్లో మా రాసాత్తి! పరుగెత్తి రా!"

రఘునాథన్ ఉన్నవాడు ఉన్నట్టే పరుగెత్తాడు. వెనకే సుగంధి. రాసాత్తి కారైక్కాల్ బస్టాండులోని టెలిఫోను బూత్ నుంచి అరుస్తున్న అరుపు గది మధ్యలోకి వినిపిస్తోంది.

"బియ్యం డబ్బాలో అన్నా! అడుగున! ప్రయాణం పొయ్యేది వట్టి చోట ఉండగూడదని బియ్యంలో పెట్టినా! ఈయన రోజూ బియ్యం తీస్తా ఉంటాడు, కనబడలేదా?"

ఏలుమలై తల దించుకున్నాడు. మూడు వారాలుగా ఆయన ఆ డబ్బా మూత ముట్టలేదు. మూడు పూటలా మూల మీది పరోటా కొట్టే ఆయనకు వంటిల్లు. ఒక్క రోజు ఒక్క పిడికెడు అన్నం వండుకుని ఉంటే ఇంత కథ లేదు. మోచేతి దాకా బియ్యంలోకి దించి, ప్లాస్టిక్ కవరులో ఉన్న ఫారాన్ని పైకి లాగాడు.

రఘునాథన్ దాన్ని రెండు చేతులా అందుకుని గుమ్మం వైపు తిరిగాడు. సుగంధి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"యాడికి?"

"చొక్కా ఏసుకోని వస్తా."

"చేతిలోకి తీసుకున్నాక మన గడప తొక్కగూడదు. ఇట్లనే పోవల్ల."

"ఈ లుంగీతోనా? ఫ్యాక్టరీకా? చొక్కా నువ్వు తెచ్చియ్యి."

"అదీ ఇంట్లో నుంచి వచ్చేదే గదా. పైగా ఇంకో పది నిమిషాల్లో రాహుకాలం. లోపలికి పోయి, బీరువా తాళం దీసి... ఏలుమలై, నీ బట్టలు ఏమన్నా ఉండాయా?"

దండెం మీద ఉతికిన ఖాకీ యూనిఫాం ఆరుతోంది. ఏలుమలై ఆరడుగుల మనిషి, పరోటాల పుణ్యమా అని అడ్డానికీ అంతే. రఘునాథన్ ఆ ప్యాంటు వేసుకుంటే నడుము దగ్గర ఇంకొకరికి చోటు మిగిలింది. సుగంధి పురికొస తీసి ప్యాంటు చుట్టూ బిగించి కట్టింది. చొక్కా చేతులు నాలుగు మడతలు పెట్టింది. రఘునాథన్ ఆ మడతల వైపు చూస్తూ నిలబడిపోయాడు. పెళ్ళయిన కొత్తలో ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్ళే రోజున కూడా ఆమె ఇలాగే ముందు నిలబడి గుండీలు సరిచేసింది.

"ఏం చూస్తాండారు? ఎక్కండి బండి!"

రాహుకాలం పుట్టేలోపల ఏలుమలై మోపెడ్ వీధి మలుపు దాటింది. ఒకే రకం ఖాకీలో ఇద్దరు మనుషులు ఒక చిన్న బండి మీద పోతుంటే, దారిలో ఎక్కడో కరెంటు తీగ తెగిపడిందేమోనని ఒకరిద్దరు పైకి చూశారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ కుప్పుస్వామి అడ్డగించాడు. "ఈబీ కరెంటోళ్ళా? మీటరు ఆ పక్క. రిజిస్టర్లో రాసి పోండి." తర్వాత కళ్ళు చిట్లించి, "అయ్యో, స్టోర్సు సార్! ఏంది సార్ ఇది, రిటైరు కాకముందే ఇంకో కొలువులో చేరిపోయినారా?" అన్నాడు.

రాహుకాలంలో కాగితం చేతులు మారకూడదని సుగంధి బండి ఎక్కే ముందే హెచ్చరించింది కాబట్టి, పన్నెండు దాకా ఆయన ఖాకీలోనే స్టోర్సులో కూర్చుని బోల్టులు పంచాడు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి అన్నాడు. మెషిన్ షాపు ఎళిలరసన్ ఒక కాలిపోయిన బల్బు తెచ్చి కిటికీలో పెట్టి, మార్చి ఇమ్మన్నాడు.

పన్నెండు దాటగానే ఆర్తి ముందు కవరు విప్పాడు. ఆర్తి ఫారం చూసింది, ఆయన చొక్కా చూసింది, మళ్ళీ ఫారం చూసింది. గంధం ఎండి పెచ్చులూడింది. కుంకుమ బియ్యంలో కదిలి కదిలి కాగితమంతా పాకింది. సంతకం ఉండాల్సిన చోట సూర్యోదయంలాగా ఉంది. ఎంత శాతం ఎక్కడ పెట్టాలో రాసిన గడి పూర్తిగా మంగళప్రదంగా మారిపోయింది.

"సార్, ఇది ఫ్యాక్సులో పోతే చెన్నైలో నల్లగా దిగుతాది. వాళ్ళు తిప్పి పంపేస్తారు. మూడు గంటల తర్వాత నేను ఏమీ చేయలేను. దయచేసి, ఇదో కొత్త ఫారం."

రఘునాథన్ కొత్త ఫారం ముందు కూర్చున్నాడు. ఎదుటి గడియారం ఒంటిగంట వైపు జరుగుతోంది. సంతకం పెడితే సుగంధి ఏళ్ళ తరబడి ప్రతి కాఫీ చుక్కలోనూ ఆడి దోషాన్ని వెతుక్కుంటుంది. పెట్టకపోతే ఆ కాఫీయే ఉండదేమో. చివరికి ఆర్తి ఫోను తీసి ఇంటికి కలిపాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, సూర్యోదయంతో సహా.

అవతల నుంచి పక్కింటి కుక్కర్ విజిల్ వినిపించింది. ఏలుమలైకి బుద్ధి వచ్చి అన్నం వండుకుంటున్నాడేమో.

"ఇదో చూడండి" అంది సుగంధి చివరికి. గొంతులో కోర్టు తీర్పు. "పరస్థానంలో ముందు పొయ్యేది ఏంది?"

"పెట్టె."

"ఎనక పొయ్యేది?"

"మనిషి."

"ఆ పాత కాగితం పెట్టె మాదిరి. అది మంచి గడియలోనే ముందర పోయింది, మీ ఆఫీసుకు చేరింది. ఇప్పుడు మీరు పెట్టే సంతకం మనిషి. ఎనకనే వస్తాంది. ఇందులో కొత్తగా మొదలయ్యేది ఏముంది? పెట్టేయండి."

రఘునాథన్ సంతకం పెట్టాడు.  ఆర్తి ఫ్యాక్సు యంత్రంలో కాగితం దూర్చింది. అది మెల్లగా అవతలికి పోతుంటే ఇద్దరూ చివరిదాకా నిలబడి చూశారు.

"పాతది చించేయనా సార్?" అంది ఆర్తి.

"వద్దమ్మా. పెట్టెను ఎవురన్నా చించుతారా? ఫైల్లో పెట్టు."

ఇంటికి వెళ్ళే టౌన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, అదొక అదృష్టం. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ ఆయన ఖాకీని పైనుంచి కిందికి చూసి, తమ వీధిలో నిన్నటి నుంచి కరెంటు లేదని, ఫ్రిజ్జులో పిండి పులిసిపోయిందని, కరెంటు వాళ్ళు పుట్టగతులు లేకుండా పోతారని తిట్టడం మొదలుపెట్టింది. రఘునాథన్ ఆ తిట్లన్నీ చల్లగా విన్నాడు. తాను లైన్‌మన్‌ను కాదని చెప్పాలనిపించలేదు. ఆమెకు తిట్టడానికి ఒక మనిషి కావాలి, తనకు ఆ రోజు ఎవరేమన్నా తగలదు. వీధి పేరు అడిగి, "ఏలుమలైకి చెబతానమ్మా" అన్నాడు. ఆమె శాంతించి, ఒళ్ళోని సంచిలో నుంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది.

సుగంధి గుమ్మంలోనే ఉంది.

"అయిందా?"

"అయింది. సగం సగం."

"ఇంక ఆ షేర్లు పడితే?"

"మనకు సగమే తగులుతాది."

"ఎగిస్తే?"

"ముకుందన్ నన్ను చూసి నవ్వుతాడు."

"నవ్వనీ. నెలనెలా వచ్చేదానికి ఇబ్బంది లేదు గదా?"

"పెద్ద ఇబ్బంది రాదు. ఇద్దరికీ సరిపోతాదని ఆర్తి లెక్కేసి చూపించింది."

సుగంధి చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత ఆయనకు మంచినీళ్ళు తెచ్చి, పక్కనే కూర్చుని, పురికొస ముడి విప్పడానికి వంగింది. ముడి సగం విప్పాక ఆమెకు ఏదో తట్టినట్టు చేతులు ఆగాయి.

"అంటే, మే నెల నుంచి మీరు ఆఫీసుకు పోరు."

"పోను."

"పగలంతా ఇంట్లోనే ఉంటారు."

"ఇంకెక్కడికి పోతా?"

నెల రోజులుగా షేర్లకూ ఆడికీ భయపడిన ఆ మనిషి ముఖంలోకి ఇప్పుడు సరికొత్త భయం ఒకటి ప్రవేశించింది.

"రోజూనా?" అంది.